బర్రె కోసం కిరాయికి తెచ్చిన సినిమా

నా నెత్తి మీద రెండు సుడులున్నాయి. ఆ రెండింటి మీదా చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఇది చదివి నవ్వుతారని తెలుసు. మా దాబా మీద ఆరేసిన దుప్పటి విమానం చక్రానికి చుట్టుకుపోయి, మూడోరోజు ఢిల్లీ నుంచి ఇస్త్రీ అయి తిరిగొచ్చిందని ఒకప్పుడు నేను చెప్పిన ముచ్చట వాళ్ళింకా మరిచిపోలేదు. అది వేరు. అప్పుడు నేను ఒట్టు వెయ్యలేదు.

విమానాశ్రయం వచ్చి నాలుగైదేళ్ళయిన రోజులవి. శంషాబాద్ బస్టాండు పక్కన నాకొక సీడీల షాపు ఉండేది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, ఒక టీవీ, గోడ నిండా సినిమాలు. వాటిలో చాలావరకు దొంగవి. ఎవరో థియేటర్లో ఒళ్ళో కెమెరా దాచుకుని తీసేవారు, ఇంకెవరో కాపీలు కొట్టేవారు, నేను కిరాయికిచ్చేవాణ్ణి. శుక్రవారం విడుదలైన సినిమా శనివారం పొద్దునకల్లా నా దగ్గర పది రూపాయలకు దొరికేది. అయినా ఊళ్ళో నన్ను దొంగ అన్నవాళ్ళు లేరు, ఒక్క చిన్నమ్మ తప్ప.

చిన్నమ్మ నాకు చుట్టం కాదు. మా ఊరందరికీ చిన్నమ్మే. భర్త పోయాడు. రెండెకరాల చెలక, ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసే ఒక కూతురు, ఒక బర్రె. ప్రతి ఆదివారం చర్చికి పోతూ నా షాపు ముందు ఆగేది.

"ఏం బిడ్డా, ఇయ్యాల గూడ దొంగ సరుకేనా?"

"దొంగది కాదు చిన్నమ్మా, కిరాయిది."

"దొంగిలించి తెచ్చి కిరాయికిస్తే దొంగది కాకుంట పోతదా? జర సిగ్గుపడు."

నేను సిగ్గుపడేవాణ్ణి. పది నిమిషాలు.

ఒక చలికాలం చిన్నమ్మ చెలకలో సినిమా షూటింగు జరిగింది. హీరోయిన్ పరిగెత్తుకుంటూ వస్తుంది, వెనక చిన్నమ్మా, ఆమె బర్రే నిలబడి చూస్తుంటారు. అంతే సీను. దానికి రెండు రోజులు పట్టింది. హీరోయిన్ బాగానే పరిగెత్తింది, బర్రెతోనే చిక్కు. నిలబడమంటే కూర్చునేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పని మానుకుని వచ్చి చూశాయి.

ఎండాకాలంలో ఆ బర్రె తప్పిపోయింది. అప్పటికే చూలుతో ఉంది. దాని పాలు దారి మీద హోటలుకు పోస్తేనే ఆ ఇల్లు నడిచేది. చిన్నమ్మ కాలినడకన ఎన్ని ఊళ్ళు తిరిగిందో చెప్పలేను. వానలు పడ్డాక రావిర్యాలలో ఒకాయన కొట్టంలో కనబడింది. ఒక కొమ్ము పైకి, ఒక కొమ్ము కిందికి. అదే బర్రె. ఆయన మాత్రం ఒప్పుకోలేదు.

"ఇది నా కొట్టంల పుట్టింది. నా చేతుల మీద పెరిగింది. మీ ఊరి పొలిమేర నేను తొక్కలే, నా బర్రె తొక్కలే" అన్నాడు.

"నేను పిలిస్తే వస్తది, చూడుండ్రి" అంది చిన్నమ్మ. పిలిచింది. వచ్చింది.

"వారం సంది దినాం వచ్చి తవుడు పెట్టి మచ్చిక చేసుకున్నవు. రాక ఏం చేస్తది?" అన్నాడాయన. చిన్నమ్మ తవుడు పెట్టిన మాట నిజమే. చూలు బర్రెను చూసి ఖాళీ చేతులతో నిలబడటం ఆమెకు చేతకాలేదు.

పంచాయితీ మా ఊరి పెద్దమనుషుల ముందుకొచ్చింది. వాళ్ళు ఐదుగురు. అందులో పెద్దాయన నా దిక్కు చూసి, "ఆ సినిమా మొన్ననే వచ్చింది గదరా? నీ దగ్గరుంటది గదా? పెట్టు. బర్రె ఆమె చెలకల ఉన్నదో లేదో అండ్లనే కనబడతది" అన్నాడు.

మంచి తెలివే. ఆ సినిమా థియేటర్లో నాలుగు రోజులు కూడా ఆడలేదు. చిన్నమ్మ చూద్దామని పోయేసరికి బొమ్మ మార్చేశారు. నా దగ్గరున్న సీడీ ఆమె ముట్టదు. కాబట్టి ఊరంతా చూసిన తన మొహాన్ని ఆమె ఒక్కతే చూడలేదు.

పంచాయతీ ఆఫీసు వరండాలో నా షాపు టీవీ పెట్టి సీడీ వేశాను. చిన్నమ్మ గోడ దిక్కు తిరిగి కూర్చుంది. హీరోయిన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. థియేటర్లో ఈలలు. ఇక వెనక బర్రె కనబడాలి. సరిగ్గా అప్పుడు తెర ముందు ఎవడో లేచి నిలబడ్డాడు. వాడి నెత్తి బర్రెను నిండా కప్పేసింది. వాడు తీరిగ్గా అటూ ఇటూ చూసి, చొక్కా సర్దుకుని, పక్కవాడి కాళ్ళు దాటుకుని వెళ్ళేలోగా సీను అయిపోయింది.

పెద్దాయన మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ వేశాను. మూడోసారి ఆయన టీవీ దగ్గరికి వచ్చి ఆ నెత్తి మీద వేలు పెట్టాడు.

"ఆపురా. గీ నెత్తి మీద రెండు సుడులున్నయేంది?"

వరండా అంతా నా దిక్కు తిరిగింది. నేను నెత్తి మీద తువాలు కప్పుకున్నాను కానీ అప్పటికే ఆలస్యమైంది. మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు నేనే పోయాను. ఆ సీను దగ్గర సమోసా కోసం నేనే లేచాను. వెనక సీట్లో ఎవడో కెమెరా పెట్టుకుని కూర్చున్నాడని నాకేం తెలుసు? ఆ కాపీయే తిరిగి తిరిగి నా షాపుకొచ్చింది. నా నెత్తిని నేనే పది రూపాయలకు ఊరందరికీ కిరాయికిచ్చాను.

రావిర్యాల ఆయన సందు దొరకగానే లేచాడు. "నెత్తి సంగతి పక్కకు పెట్టుండ్రి. అసలు ఇది దొంగ సినిమా. నన్ను దొంగ అననీకి దొంగ సీడీ తెస్తరా? గిదేం న్యాయం? దొంగ సాక్ష్యం చెల్లదు."

పెద్దాయన టీవీ ఆపించాడు. గోడ దిక్కు తిరిగి కూర్చున్న చిన్నమ్మే అంది, "ఆయన అన్నది నిజమే."

తన బర్రెను కట్టేసుకున్నవాడి మాటను తనే ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అసలు సినిమా తెచ్చి చూపిస్తే ఒప్పుకుంటానన్నాడు ఆయన. సోమవారం దాకా గడువు పెట్టారు. తేలేకపోతే బర్రె ఆయనదే.

అసలు సినిమా ఎక్కడ దొరుకుతుంది? థియేటర్లో లేదు, టీవీలో రాలేదు. ఆ చిక్కులో ఉండగా చిన్నమ్మ కూతురు శనివారం పొద్దున డ్యూటీ దిగి నా షాపుకొచ్చింది.

"అన్నా, ఇంటర్నెట్ల సినిమాలు కిరాయికి ఇస్తున్నరు. సినిమా తీసినోళ్ళతోని మాట్లాడుకొని పెట్టిండ్రు. దొంగది కాదు. పాతిక రూపాయలు. మా డ్యూటీల అమ్మాయి చూసిందట."

"పాతికా? ఇంట్ల కూసొని చూసేదానికి పాతికా? నేను పదికే ఇస్తున్న."

అప్పుడే వచ్చిన చిన్నమ్మ ఆ మాట విన్నది. "దొంగది పది, నిజమైంది పాతిక. పదిహేను రూపాయలు ఎక్కువ పెడితే నిజం వస్తుంటే ఇంక బేరమేంది బిడ్డా? పాతికకు దొరుకుతదని తెలిస్తే ఊరోళ్ళు నీ దగ్గరికెందుకు వస్తరు?"

నేను చాలా రోజులు ఆ ప్రశ్నను నాకే వేసుకున్నాను. మా ఊళ్ళో దొంగ సినిమా చూసినవాళ్ళలో దొంగలెవరూ లేరు. నాలుగు రోజుల్లో మాయమైపోయే సినిమాను చూడటానికి వేరే దారి లేక నా దగ్గరికొచ్చినవాళ్ళే అందరూ. నన్ను లెక్కలోకి తీసుకోకండి.

కూతురు తన లాప్‌టాప్ తెచ్చింది, తన ఏటీఎం కార్డుతో పాతిక కట్టింది. రసీదు వచ్చింది. నా షాపులోకి అలాంటి కాగితం రావడం అదే మొదలు. ప్రింటు తీయించి జేబులో పెట్టుకున్నాను. పిల్ల ఇంటికి పోతూ ఒక్క మాట చెప్పింది.

"అన్నా, సోమవారం దాకా ఆ బటన్ ముట్టకు."

ముట్టలేదు. మూడింటి దాకా. మూడింటికి, ప్రింటు మంచిగుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కాను. బొమ్మ అద్దంలా ఉంది. నా నెత్తి ఎక్కడా లేదు. సంతోషపడుతుండగా కింద ఒక వరుస అక్షరాలు కనబడ్డాయి: మొదలుపెట్టిన నలభై ఎనిమిది గంటల్లో చూడవలెను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి సినిమా వాపసు. పంచాయితీ సోమవారం ఒంటిగంటకు. ఆదివారం జరుపుదామంటే చిన్నమ్మకు చర్చి, పెద్దాయనకు పెళ్ళి. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెప్పకుండా ఉండలేని రోగం నాది. ఆదివారం టీ కొట్టు దగ్గర చెప్పాను. సాయంత్రానికి రావిర్యాలకు తెలిసిపోయింది.

సోమవారం ఇంకో చిక్కు. లాప్‌టాప్‌కు తగిలించే ఇంటర్నెట్ డాంగిల్‌కు ఆరోజు ఊళ్ళో గానీ నా షాపులో గానీ సిగ్నల్ అందలేదు. అందరం ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి సిగ్నల్ వెతుక్కుంటూ పోయాం. ఐదుగురు పెద్దమనుషులు, చిన్నమ్మ, కూతురు, రావిర్యాల ఆయన, ఆయన భార్య, నేను, ట్రాక్టర్ డ్రైవరు. పంచాయితీ బర్రె గురించే కాబట్టి దాన్నీ వెనక కట్టాం. దాని నడకకు తగ్గట్టే ట్రాక్టరు నడిచింది. విమానాశ్రయం ప్రహరీ గోడ పక్కన రోడ్డు మీద సిగ్నల్ దొరికింది. కానీ ఎండకు తెర మీద బొమ్మ కనబడటం లేదు. ట్రాలీ మీద నల్ల టార్పాలిన్ కప్పి, పదకొండుమందిమీ దాని కిందికి దూరాం. టైము ఒకటీ నలభై.

"సీను గంట తర్వాత వస్తది. సీదా అక్కడికే పోత" అన్నాను.

"కుదరది. నడుమల ఏమన్న అతికిచ్చిండ్రేమో. మొదటి సంది చూడాలె" అన్నాడు రావిర్యాల ఆయన. పెద్దాయనకు అదీ న్యాయంగానే తోచింది.

అలా మొదలైంది. టార్పాలిన్ కింద చెమట కాలువలు కట్టింది. విమానం మీదుగా పోయినప్పుడల్లా బొమ్మ ఆగి, నడుమ తెల్లటి చక్రం తిరిగేది.

"పైనుంచి పోయేటోళ్ళు మన సిగ్నల్ గూడ పట్టుకపోతున్నరా?" అన్నాడు పెద్దాయన పరేషాన్‌గా.

రావిర్యాల ఆయన ప్రతి విమానాన్నీ దేవుణ్ణి చూసినట్టు చూశాడు, టార్పాలిన్ కంతలోంచి. మా పెద్దమనుషుల సంగతి ఇంకో రకం. పావుగంటకే బర్రె మాట మరిచిపోయారు. హీరో తల్లికి జబ్బు చేస్తే ఇద్దరు కండువాతో కళ్ళొత్తుకున్నారు. పాట ఇంకోసారి పెట్టమని పెద్దాయన అడిగాడు. "బాపూ, టైమైపోతుంది" అని చిన్నమ్మ కూతురు చేతులు జోడించింది.

రెండున్నరకు బయట జీపు ఆగిన చప్పుడైంది. విమానాశ్రయం గోడ పక్కన ట్రాలీ, దాని మీద నల్ల టార్పాలిన్, లోపల కదులుతున్న మనుషులు, కాపలాగా ఒక బర్రె. మీరే పోలీసయితే ఏమనుకుంటారు?

"లోపల ఎవర్రా? ఏం చేస్తున్నరు?"

నేను నెత్తి బయటపెట్టాను. "సినిమా చూస్తున్నం సార్."

"టార్పాలిన్ కింద దొంగచాటుగా చూస్తున్నరంటే అదేం సినిమారా?"

"లేదు సార్, అసలుదే. రసీదున్నది!" జేబులోంచి తీసి చూపించాను. నా జీవితంలో పోలీసుకు నేను సంతోషంగా చూపించిన కాగితం అదొక్కటే. ఆయన రసీదు చదివాడు, బర్రెను చూశాడు, మళ్ళీ రసీదు చదివాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకుని, "జర జరుగుండ్రి" అంటూ ఆయనా లోపలికి దూరాడు.

పన్నెండుమందిమయ్యాం. రెండూ యాభైకి సీను వచ్చింది.

హీరోయిన్ పరిగెత్తుకుంటూ వస్తోంది. వెనక చిన్నమ్మ. పక్కన బర్రె, ఒక కొమ్ము పైకి, ఒక కొమ్ము కిందికి. చిన్నమ్మ తనను తాను మొదటిసారి చూసుకుని, "అయ్యో, నా కొంగు గట్ల జారిందేంది" అంది. సరిగ్గా అప్పుడు ఒక విమానం లేచింది. బొమ్మ ఆగిపోయింది. రావిర్యాల ఆయన ఊపిరి వదిలాడు.

తొందరపడ్డాడు. ఆగిన బొమ్మ నడుమ తెల్ల చక్రం తిరుగుతోంది. తిరిగి తిరిగి అది ఒక మనిషి మొహం చుట్టూనే తిరుగుతోంది. షూటింగు చూడవచ్చిన జనంలో, చిన్నమ్మ బర్రె వీపు మీద మోచెయ్యి ఆనించి, నోరు తెరుచుకుని హీరోయిన్ను చూస్తున్న మనిషి. మొన్నటి సీడీలో నా నెత్తి బర్రెతో పాటు ఆయన్ను కూడా కప్పేసింది.

మొదట ఆయన భార్యే నోరు తెరిచింది.

"గీ గీతల అంగీ నీదే గదా?"

"అట్లాంటివి మస్తుంటయి..."

"గుండీ నేను కుట్టిన. ఎర్రదారం కనబడతలేదా? ఆ దినం ఎటు పోయినవని అడిగితే ఏమన్నవు? నా మోకాళ్ళ నొప్పులు తగ్గాలని పహాడీ షరీఫ్ దర్గాకు పోయి మొక్కి వచ్చినన్నవు. రెండు దినాలు పోయినవు! గిదేనా మొక్కు? గీమెకేనా మొక్కింది?"

"చూడనీకి పోయిన గంతే..."

"నోరు గట్ల తెరుసుకొనా? ఇన్ని రోజుల సంది మొక్కు ఫలించిందనుకొని నొప్పులున్నా లేవని చెప్తున్ననే నేను!"

పోలీసాయన ఏదో అనబోయాడు. ఆమె ఆయన్నీ ఆపింది. "మీరుండుండ్రి సార్. ఆ బర్రె చిన్నమ్మది. తోలుకొచ్చిన దినమే అడిగిన, అంగట్ల కొన్ననన్నడు. ఇక్కడికొచ్చి కొట్టంల పుట్టిందన్నడు. అది పుట్టుడు నేనెప్పుడు చూసిన?"

పెద్దాయన పద్ధతి తప్పలేదు. టార్పాలిన్ బయటికి నెత్తి పెట్టి బర్రె కొమ్ములు చూశాడు, లోపలికి వచ్చి తెర మీద కొమ్ములు చూశాడు. అలా మూడుసార్లు. "బర్రె చిన్నమ్మదే" అన్నాడు.

అదే క్షణంలో తెర నల్లబడింది. కిరాయి గడువు ముగిసినది.

"అరే, హీరో తల్లి బతికిందా లేదా?" అని పోలీసాయన అరిచాడు.

ట్రాలీ దిగి చిన్నమ్మ తాడు విప్పుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది.

"బిడ్డా, కిరాయికి తెచ్చిన సినిమా వాపసు ఎట్ల ఇస్తవు?"

"అదే పోయింది చిన్నమ్మా."

"ఖాళీగనే పోయిందా?"

మా దగ్గర ఇరుగుపొరుగు నుంచి తెచ్చుకున్న గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. పిడికెడు బియ్యమో, ఇంత బెల్లమో వేసి ఇస్తారు. పాతిక కట్టాం కదా అని చెప్పి చూశాను. అది ధర, ఇది మర్యాద అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. బర్రె ఈనిన మూడోరోజు, స్టీలు గిన్నె నిండా జున్ను తెచ్చి షాపులో పెట్టింది.

"ఆ సినిమా కిరాయికిచ్చినోళ్ళకు పంపియ్యి. ఇంటర్నెట్ల ఎట్ల పంపుతరో నాకు తెల్వది, నీకు తెలుసు. ఇంకో మాట. గోడ మీద ఈ దొంగ సరుకు తీసెయ్యి. నీ నెత్తి మళ్ళ ఎవరి బర్రెకు అడ్డమొస్తదో."

మర్నాడు పొద్దున్నే నేను షాపులో ఉన్న దొంగ సీడీలన్నీ సంచిలో వేసుకుని ఆమె చెలకకు పోయాను. సీడీకొక దారం కట్టి, జొన్నచేను చుట్టూ వేలాడదీశాను. ఎండకు అవి మెరుస్తుంటే పిట్టలు దగ్గరికి రాలేదు. దిగే విమానాల్లోంచి కూడా ఆ మెరుపు కనబడేదని ఆమె కూతురు చెప్పింది. చిన్నమ్మ చేను గట్టు మీద నిలబడి చూసింది. ఆ తర్వాత ఆదివారాలు నా షాపు ముందు ఆగి, ఏమీ అనకుండా, నవ్వి పోయేది.

ఇగ ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. పైన రాసినదాంట్లో నేను కల్పించింది ఒక్కటే. దర్గా మొక్కు కాదు, టార్పాలిన్ కాదు, పోలీసు కాదు, నా నెత్తి అసలే కాదు. "దొంగ సీడీలన్నీ" అన్నాను చూడండి, అందులో అన్నీ అన్నది అబద్ధం. చేను చుట్టూ కట్టినవి గీతలు పడి ఆడనివి. ఆడేవి ఇంకో ఏడాది గల్లా కింద ఉన్నాయి. చేనుకు కట్టిన రెండోరోజే మా పెద్దాయన వచ్చి, హీరో తల్లి సంగతి తేలక నిద్ర పట్టడం లేదని అడిగితే, తీసి ఇచ్చాను.

ఆ గిన్నె మా ఇంట్లోనే ఉంది. ఖాళీగా తిరిగివ్వకూడదు, ఏం వేసి ఇవ్వాలో తెలియదు. జున్ను మాత్రం ఎక్కడికీ పంపలేదు. నేనే తిన్నాను.